కృత్రిమ భుజసంధి: పిన్నవయస్కుల అనుభవము చెప్పు చరిత్ర

మనుష్యుని కష్టమునంతయు మోయునది భుజము. అందుచేతనే మన పలుకుబడిలో దానికింత చోటు దొరకినది. బాధ్యత వహించుటను భుజమున వేసికొనుట యందుము. మెచ్చుకొనుటను భుజము తట్టుట యందుము. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవాని సామెత మన పిల్లలకు సైతము తెలియును. భుజము, మూపు, జబ్బ, రెట్ట యని ఆ పరిసరమునకు మనకు పెక్కు పేర్లు కలవు. కాని ఆ భుజములోని కీలు చెడినపుడు ఏమి చేయవలెను, చేసిన పని ఎన్నాళ్ళు నిలుచును అను విషయమున సామాన్యుడు తెలుగున చదువుకొనదగినది అరుదు.

ఈ వ్యాసమునకు ప్రేరణ ఒక చిన్న ప్రశ్న. మా పావగడ తాలూకా పాలనరీత్యా కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాదాపు అన్ని దిక్కుల ఆంధ్రప్రదేశపు నేలచే చుట్టబడియున్నది. ఇచట పెక్కిండ్లలో మాటాడునది తెలుగు, కచేరీలో వ్రాయునది కన్నడము, ఆసుపత్రి కాగితములలో నుండునది ఇంగ్లీషు. మా పాఠశాలలో తెలుగు చదివిన యువకుడొకడు, ముప్పదినాలుగేండ్లవాడు, సౌరఫలకములు కడుగు కూలిపని చేయుచు, ద్విచక్రవాహనము మీదనుండి పడి కుడిభుజము విరుగగొట్టుకొనెను. విరిగిన ఎముక అతుకుకొన్నను, దాని తలకు రక్తప్రసారము నిలిచి, ఆ తల క్రమముగ కుంగిపోయెను. రెండేండ్ల పిమ్మట వైద్యులు కీలు మార్పిడి ప్రస్తావన తెచ్చిరి. అతడు ఆ ఇంగ్లీషు కాగితములను నాయొద్దకు తెచ్చి చదివించుకొని, కడపట నొక్క ప్రశ్న వేసెను: "సార్, ఈ ఇనప బుజం నాకు ఎన్నేండ్లు వస్తాది?"

నేను భాషోపాధ్యాయుడను, వైద్యుడను గాను. ఐనను ఆ ప్రశ్నకు చరిత్రయందు సమాధానము కలదేమో యని వెదకితిని. తేలినది యిది. ఈ శస్త్రచికిత్స పుట్టినది పిన్నవయస్కుని కొఱకు, రాణించినది వృద్ధులయందు. పిన్నవయస్కులకు శస్త్రశాలలో కలిగిన మేలుకంటె, వ్యాధిని మొదటనే అడ్డిన మందులవలనను మంచినీటివలనను కలిగిన మేలు పెద్దది. ఈ మాటను క్రమముగ నిరూపింప యత్నింతును.

1. రోలును రోకలియు

సుశ్రుతసంహిత శారీరస్థానమున శరీరములోని సంధులు ఎనిమిది విధములుగ విభజింపబడినవి. అందు చంకయొద్ది కీలును, తొడమొదటి కీలును ఉలూఖలసంధులని, అనగా రోటివంటివని చెప్పబడినవి. ఆ గ్రంథమే చికిత్సాస్థానమున, తొలగిన భుజమును సరిచేయు విధము చెప్పుచు, చంకక్రింద రోకలి నుంచి పైకెత్తవలెననియు, కీలు తన చోటికి వచ్చిన పిదప స్వస్తికాకారముగ కట్టు కట్టవలెననియు విధించినది. రోటివంటి కీలునకు రోకలి చికిత్స యగుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, ఇంటిలో దొరకు పనిముట్టుతో శాస్త్రము నడచిన కాలమునకు అది మంచి గుర్తు.

నేటి శరీరశాస్త్రము ఈ ఉపమానమును కొంత సవరించినది. తొడకీలు నిజముగ రోలే, ఎముకతల దానిలో లోతుగ కూర్చుండును. భుజమునందట్లు కాదు. భుజాస్థి తల పెద్దది, అది ఆనుకొను అంసఫలకపు గుంట మిక్కిలి చిన్నది, లోతు లేనిది. తల వైశాల్యము గుంట వైశాల్యమునకు సుమారు మూడు నాలుగింతలుండును. రోలనుటకంటె మూకుడనుట తగును. ఆ తలను చోటు తప్పకుండ పట్టియుంచునవి చుట్టునుగల స్నాయువులు, కండరములు. ఈ ఏర్పాటుచేతనే శరీరములోని కీళ్ళన్నిటిలో భుజము ఎక్కువ దిక్కులకు తిరుగును, ఎక్కువసార్లు తొలగును. పిన్నవయసున ఒకసారి తొలగిన భుజము మరల మరల తొలగుటయు నెక్కువ. అట్లు తొలగుచు వచ్చిన కీలులోని మృదులాస్థి కాలక్రమమున అరిగిపోవచ్చును.

విరిగిన ఎముకలకు మన సీమవారు తరతరములుగ పుత్తూరు కట్టును నమ్ముచున్నారు. కట్టు విరిగినదానిని కదలకుండ నిలుపగలదు. నశించిన ఎముకతలకు బదులు క్రొత్తతల నీయజాలదు. ఆ పని కొఱకు మనుజుడు లోహమును ఆశ్రయింపవలసివచ్చెను.

2. మొదటి రోగి

కృత్రిమ భుజసంధిని మొదట అమర్చినవాడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు జూల్ ఎమిల్ పేయాఁ. అది 1893వ సంవత్సరము, ప్యారిస్ నగరము. రోగి 37 ఏండ్ల రొట్టెల పనివాడు. క్షయ అతని భుజపు కీలును తినివేసెను. ఆ కాలమున అట్టి రోగికి చేయిని మొదలంట తీసివేయుటే మార్గము. రోగి అందుల కొప్పుకొనలేదు. చేయి లేని పనివానికి బ్రతుకెట్లు? పేయాఁ పోర్టర్ మైకెల్స్ అను దంతవైద్యుని సహాయమర్థించెను. అతడు ప్లాటినపు గొట్టమును, పారఫిన్‌లో ఉడికించి గట్టిపఱచిన రబ్బరు గుండును కూర్చి కీలును సిద్ధము చేసెను. దంతములు కట్టుటకు వాడు పదార్థములే భుజమున కుపకరించినవి.

ఆరంభమున ఫలితము ఆశ్చర్యకరముగ నుండెను. రోగి కోలుకొని చేయి వాడుకొనగలిగెను. కాని లోపలి క్షయ నశింపలేదు. పుండు మానక చీము కారుచుండుటచే, సుమారు రెండేండ్ల పిమ్మట ఆ కీలును తీసివేయవలసివచ్చెను. ఆ కీలు నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వస్తుసంగ్రహమున నున్నది.

ఈ కథలో గమనింపదగినవి రెండు. మొదటిది, ఈ శస్త్రమును కోరినది కష్టము చేసి బ్రతుకు పిన్నవయస్కుడు. రెండవది, అది చెడినది పనితనపు లోపముచే గాక, వ్యాధి లోపల మిగిలియుండుటచే. ఈ రెండవ సంగతియే తరువాతి చరిత్రకు కీలకము.

3. క్షయకు మందు దొరకిన పిమ్మట

పేయాఁ తరువాత సుమారు అర్ధశతాబ్ది కాలము ఈ మార్గమున చెప్పుకొనదగిన ముందడుగు పడలేదు. ఎముకల క్షయకు విశ్రాంతి, ఎండ, గాలి, పుష్టికరమగు ఆహారము, ఇవియే చికిత్స. మన రాయలసీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయచికిత్సాలయము 1915లో నెలకొనినది ఆ కాలముననే. భుజము పూర్తిగ చెడినచో కదలకుండ ఎముకకు ఎముక నతికించు శస్త్రము చేయుచుండిరి. నొప్పి పోవును, బలము కొంత నిలుచును, కాని కీలు తిరుగదు.

1943లో అమెరికాయందు వాక్స్‌మన్ ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. తరువాతి దశాబ్దమున మరికొన్ని మందులు తోడైనవి. 1956లో మదరాసున నెలకొల్పబడిన క్షయ రసాయనచికిత్సా కేంద్రము, ఊపిరితిత్తుల క్షయరోగిని ఆసుపత్రిలో నెలల తరబడి యుంచకయే, ఇంటివద్దనే మందులిచ్చి నయము చేయవచ్చునని 1959లో లోకమునకు చూపెను. ఎముకల క్షయయు మందులకు లొంగెను. ప్యారిస్ పనివాని భుజమును తినివేసిన వ్యాధి, మందు సకాలమున దొరకినచోట, కీలును నాశనము చేయక మునుపే కుదురుచున్నది. ఇది పిన్నవయస్కుల భుజమునకు కలిగిన మొదటి గొప్ప మేలు. ఇందు లోహమునకు పాత్ర లేదు.

4. నీర్ లోహశిరస్సు

భుజసంధి మార్పిడికి నేటి రూపమిచ్చినవాడు న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో పనిచేసిన చార్లెస్ నీర్. ఈయన 1917లో జన్మించి 2011లో మరణించెను. భుజాస్థి తల ముక్కలైనపుడు ఆ ముక్కలను తీసివేయుటవలన చేయి బలహీనమగుట చూచి, 1950 ప్రాంతమున ఆయన మిశ్రలోహపు తలను రూపొందించెను. 1955లో తన అనుభవమును వైద్యపత్రికయందు ప్రకటించెను. ఇది అర్ధమార్పిడి. తల క్రొత్తది, గుంట పాతది. 1970 తరువాత గుంటకు కూడ పాలిఎథిలీను తొడుగు అమర్చు పూర్తిమార్పిడి వచ్చెను. అరిగిన కీళ్ళకు మార్పిడి చేసి పొందిన ఫలితములను నీర్ 1974లో ప్రకటించెను.

కండరములు చినిగిన వృద్ధులకు ఈ రెండును చాలకుండెను. ఫ్రాన్సు దేశమున దిజోఁ నగరపు పాల్ గ్రామోఁ 1985 ప్రాంతమున ఒక విచిత్రమైన ఉపాయము పన్నెను. గుండును గుంట యుండవలసినచోట, గుంటను గుండుండవలసినచోట నిలిపెను. ఈ విపర్యస్త కీలు 2003లో అమెరికాలో అనుమతి పొంది, నేడు లోకమంతట విరివిగ వాడుకలో నున్నది. కాని అది ప్రధానముగ వయసు మీరినవారి కొఱకు పుట్టినది. మిగిలిన ఆయువు కొద్దియైనవానికి పదునైదేండ్లు నిలుచు కీలు చాలును. ముప్పదినాలుగేండ్లవానికి చాలునా?

5. పిన్నవయస్కుల లెక్క

ఈ ప్రశ్నకు ఓపికతో సమాధానము వెదకినవారిలో అమెరికాలోని మేయో వైద్యాలయమువారు ముఖ్యులు. 1976 మొదలు 1985 వరకు అచట 50 ఏండ్లును అంతకు లోబడిన వయసును గలవారికి చేసిన నీర్ కీళ్ళను స్పెర్లింగ్, కోఫీల్డ్, రోలండ్ అను వైద్యులు ఏండ్లతరబడి కనిపెట్టి, 1998లోను 2004లోను ఫలితములు ప్రకటించిరి. 2004 నాటి లెక్క ప్రకారము, మరల శస్త్రము చేసి మార్చవలసిన పని లేకుండ నిలిచినవి పదేండ్లకు అర్ధమార్పిడిలో నూటికి 82, పూర్తిమార్పిడిలో నూటికి 97. ఇరువదేండ్లకు అవి క్రమముగ 75, 84. నొప్పి తగ్గుటయు, చేయి మునుపటికంటె లేచుటయు స్పష్టముగ కనబడెను.

ఇంతవరకు చదివినవాడు సంతోషించును. కాని ఆ వైద్యులే మరియొక మాట నిజాయితీతో వ్రాసిరి. నొప్పి, కదలిక, రోగి సంతృప్తి కలిపి తూచు కొలమానమున చూడగా, సుమారు సగముమంది ఫలితము అసంతృప్తికరముగ తేలెను. కీలు లోపల నిలిచియుండుట వేరు, ఆ కీలుతో మనుజుడు తృప్తిగ పనిచేసికొనుట వేరు. ఈ భేదమును గ్రహింపనివాడు శాతములచే మోసపోవును.

ఇంగ్లండు దేశమున 1998 మొదలు 2017 వరకు జరిగిన 58 వేలకు పైబడిన భుజమార్పిడులను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్క ఇంకను విశదముగ నున్నది. 85 ఏండ్లు దాటిన స్త్రీలలో తమ జీవితకాలమున మరల శస్త్రము కావలసివచ్చువారు 37 మందిలో ఒకరు. 55 మొదలు 59 ఏండ్ల పురుషులలో నలుగురిలో సుమారు ఒకరు. వయసు తగ్గినకొలది అపాయము పెరుగుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్య మక్కఱలేదు.

దీనికి కారణములు దురూహ్యములు కావు. అర్ధమార్పిడిలో లోహపుతల రోగి సొంత గుంటను రాపాడి క్రమముగ అరుగదీయును, నొప్పి మరల తలయెత్తును. పూర్తిమార్పిడిలో గుంటకు తొడిగిన పాలిఎథిలీను వదులగును. పిన్నవాడు ఎక్కువ పని చేయును, ఎక్కువ కాలము జీవించును. కనుక కీలునకు పడు రాపిడియు నెక్కువ. అతని రోగము కూడ వృద్ధుల అరుగుదలవంటిది కాదు. పాత విఱుగుడు, పలుమార్లు తొలగిన కీలు, మునుపటి శస్త్రముల మచ్చలు, కీళ్ళవాతము, ఇవి పిన్నవయస్కుల కారణములు. ఒక్కొక్కసారి చికిత్సయే కారణమైనది. శస్త్రము తరువాత నొప్పి తెలియకుండ కీలులోనికి మత్తుమందును ఎడతెగక పంపు పంపులవలన, పెక్కుమందికి ముఖ్యముగ భుజములలో మృదులాస్థి కరగిపోయినట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించెను.

నేటి కీళ్ళు 1976 నాటివి కావు. పొట్టికాడ గలవి, సిమెంటు లేకయే నిలుచునవి, రాపిడి తక్కువయగు కర్బనముతో చేసినవి వచ్చినవి. కాని ఇరువదేండ్ల మన్నికను తెలిసికొనుటకు ఇరువదేండ్లు గడువవలసినదే. ఈ విషయమున కాలమునకు బదులు వేరొక పరీక్ష లేదు.

6. భీమవరమున పుట్టినవాని ప్రయోగశాల

పిన్నవయస్కుల భుజమునకు రెండవ గొప్ప మేలు ఒక తెలుగువాని ప్రయోగశాలనుండి కలిగినది. కీళ్ళవాతము యౌవనముననే కీళ్ళను కబళించు వ్యాధి. భుజమార్పిడి చేయించుకొన్న పిన్నవయస్కులలో దీనిచే బాధపడినవారు ఒకప్పుడు పెక్కుమంది.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసి, 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి అచటి పరిశోధనకు నాయకత్వము వహించిరి. ఫోలికామ్లముపై ఆయన బృందము చేసిన కృషినుండి, దాని పనిని అడ్డు మందులు వెలువడినవి. అందు అమినాప్టెరిన్ 1947-48లో పిల్లల రక్తపు క్యాన్సరునకు మొదటిసారి ఉపశమనము కలిగించెను. దాని సోదరి యనదగినది మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు 1948లో కీర్తిశేషులైరి. 1951లో గబ్నర్ మున్నగువారు అమినాప్టెరిన్ కీళ్ళవాతమునకు ఉపకరించుట చూచిరి. ఐనను చాలకాలము ఆ మార్గము మఱుగుపడెను. 1980 తరువాత, కొద్దిమోతాదున వారమునకొకసారి ఇచ్చు మెథోట్రెక్సేట్ గుణము పరీక్షలలో స్థిరపడి, 1988లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి లభించెను. నేడు లోకమంతట కీళ్ళవాతమునకు ఇదియే ఆధారభూతమగు మందు. దీని తరువాత వచ్చిన మందులు కూడ తోడుకాగా, పాశ్చాత్యదేశములలో ఈ వ్యాధికై చేయు కీళ్ళమార్పిడులు తగ్గుముఖము పట్టినవి.

సుబ్బారావు గారు భుజమును గూర్చి పరిశోధింపలేదు. ఐనను ఎందఱో పిన్నవయస్కుల కీళ్ళు చెడకుండ నిలిచినవనిన, అందు ఆయన ప్రయోగశాలకు భాగము కలదు. ఈ సంగతిని మన పిల్లలకు చెప్పుట మన విధి.

7. మా సీమ నీరు

కీళ్ళు పట్టివేయుటయనగానే మా తాలూకావారికి మొదట స్ఫురించునది నీరు. మా బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చుగ నుండుట ప్రభుత్వ పరీక్షలలో తేలినదే. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు, వేఱు జలాధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును.

ఈ వ్యాధి భారతదేశమున మొదట గుర్తింపబడినది తెలుగునేలయందే. నాటి నెల్లూరు జిల్లాలో దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకుండుట రైతులు ముందుగ కనిపెట్టిరి. అదియే బాధ మనుష్యులకును కలుగుట పిదప తెలిసినది. 1937లో షార్ట్ మున్నగు వైద్యులు ఆ జిల్లా రోగులను పరీక్షించి, ఎక్స్‌కిరణముల సాక్ష్యముతో, నీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. 1955లో నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దీఖీ వ్రాసెను. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును విఱుచు సులభపద్ధతి 1970 తరువాత నల్లగొండ పేరనే ప్రసిద్ధి చెందినది.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఫ్లోరైడువలన బిగిసినవాని వెన్నెముకయు, కీళ్ళచుట్టునుగల స్నాయువులును గట్టిపడి ఎముకవలె మారును. ఒక భుజమునకు క్రొత్తకీలు పెట్టినంత మాత్రమున ఆ దేహము వదులుకాదు. దానికి చికిత్స రోగము రాకమునుపే యున్నది. అది పల్లెలలోని శుద్ధజలకేంద్రమునను, తుంగభద్ర జలాశయమునుండి నీరు తెచ్చు పథకమునను గలదు. ఆ నీరు ప్రతి పల్లెకు ప్రతిదినము చేరుటయే పిన్నవయస్కుల కీళ్ళకు మూడవ మేలు కాగలదు.

8. ఉపసంహారము

ఇంతకు ఆ యువకునకు నేను చెప్పిన సమాధానమిది. మార్పిడి వ్యర్థము కాదు. నొప్పి తగ్గుటకు మంచి అవకాశము కలదు. పాతలెక్కల ప్రకారము పదేండ్లు నిలుచుట సాధారణము, ఇరువదేండ్లు నిలుచుటయు అరుదు కాదు. కాని నీ వయసువానికి ఇరువదేండ్లు గడచిన పిమ్మటను పని చేయవలసిన కాలము మిగులును. రెండవసారి మార్చుట సాధ్యమే, అయితే ఎముక తఱిగియుండుటచే మొదటిదానివలె కుదురుట కష్టము. కనుక వ్యాయామము, మందులు, చిన్న శస్త్రములవలన ఇంకెంతకాలము సొంతకీలుతో గడుపవచ్చునో ముందుగ వైద్యుని అడుగుము. బరువులెత్తు పని మార్చుకొన వీలగునా యని చూడుము. అట్లు సాగనంత నొప్పి యైననాడు, తెలిసి ఒప్పుకొనుము.

అతడు కొంతసేపు మాటాడక, "ఈ మాటలు కాగితంలో ఉండాయా సార్?" అనెను. ఉన్నవి. మూడవపుటలో సన్నని అక్షరములలో, అతడు సంతకము చేయవలసిన గీతకు పైననే యున్నవి, ఇంగ్లీషున.

1893లో ప్యారిస్ పనివాడు చేయి తీయించుకొన నిరాకరించెను. తనకేమి జరుగబోవునో తన భాషలో విన్నవాడు గనుక అట్లు నిరాకరింపగలిగెను. మా తాలూకాలోని తెలుగు కూలివానికిని ఆపాటి హక్కు కలదు. ఆసుపత్రుల అంగీకారపత్రములను కన్నడముతోపాటు తెలుగున సిద్ధము చేయించి, వైద్యులచే సరిచూపించి, ఈ ప్రాంతపు ఆసుపత్రులకు అందించు భారమును మన సంఘము వహించినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ సార్థకమగును. అనువాదమునకు కావలసిన భాషాసహాయము చేయుటకు మావంటి ఉపాధ్యాయులము సిద్ధముగ నున్నాము.